ఒక గంట తేడా

మూడు కెమెరాలు, ఒకటే పండుగ.
పీకో దీవి, ఆగస్టు నెల.
ఒకప్పుడు తిమింగలాల వెంట పడిన పడవలకి
ఇప్పుడు మా రేవులో పందేలు.

పద్నాలుగేళ్ళ తర్వాత
మ్యూజియం వాళ్ళు ఆల్బమ్ కావాలంటే
మెమరీ కార్డులు నా బల్ల మీదికి చేరాయి.
ఒకటి బిస్కట్ డబ్బాలో, ఒకటి పోస్టు కవర్లో,
ఒకటి నెలో చొక్కా జేబులో.
అప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. ఇప్పుడు గడ్డం.

అన్నీ ఒకే ఫోల్డర్లో పోసి
టైము ప్రకారం సర్దమన్నాను.
పడవలు గట్టెక్కాక తెడ్లు నీళ్ళలో పడ్డాయి.
ఊరేగింపు వెనక్కి నడిచింది.
తాగేసిన వైను సీసాలోకి తిరిగొచ్చింది.
నెలో ఫోటోలన్నీ రెండువేల సంవత్సరం, జనవరి ఒకటి, అర్ధరాత్రి.
ఫెళ్ళున ఎండ కాస్తున్న అర్ధరాత్రి.
వాడు బ్యాటరీ మార్చినప్పుడల్లా
మళ్ళీ మొదటికొచ్చే అర్ధరాత్రి.

నవ్వొచ్చింది.
జుల్మిరా అత్త ఫోటో వచ్చేదాకా.

లిస్బన్ నుంచి వచ్చిన గ్వాల్తెర్ తీశాడు దాన్ని.
రేవు గోడ మీద ఆమె, చేతిలో సగం కొరికిన అత్తిపండు,
తల వెనక్కి వాల్చి, పళ్ళన్నీ కనబడే నవ్వు.
అడుగున పసుపు అంకెలు: నాలుగూ పన్నెండు.
బెల్మీరు మామ పడవ బోల్తాపడింది మూడూ నలభైకి.
రేవు పుస్తకంలో ఉంది, సిరాతో.

ఊరికి ఆ అంకెలు చాలు.
ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు.
అనకపోవడం ఎలా ఉంటుందంటే
రొట్టెల కొట్లో ఆమె వంతు వచ్చేసరికి
అందరికీ చిల్లర లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది.

జూన్లో ఒక రాత్రి, గంట దొరికింది.
చర్చి గంట. గ్వాల్తెర్ ఫోటోలో పక్కకి ఒరిగి,
నాలుక ఇంకా అంచుకి తగలక,
పైన రెక్కలు విప్పిన ఒక్క పావురం.
ఫాదర్ ఔరేలియు కెమెరాలోనూ అదే గంట, అదే వాలు,
అదే పావురం, అవతలివైపు నుంచి.
ఫాదర్‌ది మూడంటుంది, గ్వాల్తెర్‌ది నాలుగు దాటిందంటుంది.
కొట్టిందేమో ఒకటే గంట.

ఫాదర్‌నీ ఊరికే నమ్మలేదు నేను.
ఆయన ఫోటోలో జెండాకర్ర నీడ
ఏ నల్లరాయి మీద పడిందో గుర్తుపెట్టుకుని
ఆగస్టు దాకా ఆగి, అదే తేదీన
మూడు గంటలకి వెళ్ళి నిలబడ్డాను.
నీడ వచ్చి అదే రాయి ఎక్కింది.

తీసేయాల్సింది ఒక గంట,
రెండు నిమిషాలు, పద్నాలుగు సెకన్లు.
లిస్బన్ మాకంటే గంట ముందు నడుస్తుంది.
"ఒక్కరోజు కోసం టైము మార్చడమెందుకులే అని..."
ఫోన్లో గ్వాల్తెర్ అక్కడే ఆగాడు.
తర్వాత చాలాసేపు ఊపిరే వినబడింది.

ఆమె నవ్వింది మూడూ తొమ్మిదికి.
అప్పటికి పడవ నిటారుగానే ఉంది.

నెలో అర్ధరాత్రుల్ని ఒక్క లెక్కతో సరిచేయలేం.
నీడలు చూసుకుంటూ ఒక్కొక్కటీ చేత్తో పెట్టాను.
ఒకదానిలో ఆమె వీపు, చేతిలో అదే అత్తిపండు,
ఎదురుగా సముద్రం,
దూరంగా పడవలో లేచి టోపీ ఊపుతున్న ఎవరో.
పెద్దది చేస్తే గళ్ళు, ఇంకా చేస్తే ఒట్టి రంగు.
బెల్మీరు మామే అనాలని ఉంది.
అనలేను.

అత్త కళ్ళజోడు తుడుచుకుని రెండూ చూసింది.
"అప్పుడు టైమెంతో నాకు తెలుసు" అంది.
"అడిగినవాళ్ళే లేరు."
లేచి వెళ్తూ, తలుపు దగ్గర:
"పాతదీ ఉంచు. పద్నాలుగేళ్ళు నేనున్నది అందులోనే."

ఉంచాను.
దానికి ఏం పేరు పెట్టాలో తెలియక
పేరున్న చోట ఖాళీ వదిలాను.

సాయంత్రం చర్చి గంట కొట్టింది.
కంప్యూటర్ వైపు చూశాను. మూడు నిమిషాల తేడా.
ఎవరిది తప్పో చూడ్డానికి
కిటికీ తెరిచాను. మబ్బు పట్టి ఉంది,
నీడల్లేవు.